ఎం. పల్లి

"నేనేం చెయ్యలే సార్," అంది సంగమ్మ.

ఆమె పై అధికారి రామ్‌కిషన్ నమ్మలేదు. జహీరాబాద్ చెరకు రైతుల సంఘం కంప్యూటర్‌లో రైతుల పేర్లు, ఊళ్లు ఎక్కించడమే ఆమె పని. ఆమె కూర్చున్నప్పుడే అది ఆగిపోతోంది. ఎవరి చెరకు ముందు కొయ్యాలో చెప్పే వరుసలు తారుమారై రైతులు తన్నుకుంటున్నారు. ఈరోజు ఆమె తప్పు తేలితే ఉద్యోగం పోతుంది.

హైదరాబాద్ ఇంజినీరు మదన్‌మోహన్ తాను తెచ్చిన కంప్యూటర్‌ను చూపాడు. "మీ కంప్యూటర్ అరుదైన రకం. అందుకే దీనితోటి దాని వేషం కట్టించిన. అచ్చం దానిలెక్కనే నడుస్తది, కానీ ఒక్కో అక్షరం దగ్గర ఆపి చూడొచ్చు."

దాని మీద ఒక రైతు వివరాలు రామ్‌కిషన్ కొట్టాడు. ఏమీ కాలేదు. అవే సంగమ్మ కొట్టింది. కంప్యూటర్ ఆగిపోయింది.

"చూసిన్రా! ఈమె చేతులనే ఉంది కథ," అన్నాడు రామ్‌కిషన్.

మదన్‌మోహన్ ఆమె కొట్టినదాన్ని అక్షరం అక్షరంగా మళ్లీ నడిపించాడు. "ఊరిపేరుకు పదక్షరాల జాగనే ఉంది. వేరే కంప్యూటర్లల్ల దాని పక్కన ఖాళీ ఉంటది. దీంట్ల లేదు, పదకొండో అక్షరం పోయి పక్కనున్న, కంప్యూటర్‌ను నడిపే ఆదేశాన్ని చెరిపేసింది. మీరేం కొట్టిన్రు సార్?"

"ఎం. పల్లి. అందరం గట్లనే కొడతం."

"నువ్వమ్మా?"

"మొగుడంపల్లి, ఇంగ్లీషుల పన్నెండక్షరాలు. మీలెక్క కొడితే మాచిరెడ్డిపల్లి గూడ ఎం. పల్లే అయితది గద సార్?"

తన్నుకున్నది ఆ రెండు ఊళ్లవాళ్లే. రామ్‌కిషన్ కుర్చీని ఆమె వైపు జరిపాడు.

"సంగమ్మా, నేను కొట్టినవి జర తీసి చూడవా? ఏది ఏ పల్లో నాకే తెల్వది."