ఎవరిని అడుక్కోను?

"రెండు ముద్దలు తినమ్మా, నీ పుణ్యముంటుంది," అంటూ కంచంతో ఎదుట కూలబడింది కూతురు. బడిలో జీవశాస్త్రం చెప్పే పంతులమ్మ.

ఏ జన్మలోనో తాను చేసిన పాపమే మనవడి కాళ్లను చచ్చుబడేలా చేస్తోందని, అమ్మమ్మ నిన్నటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు.

"దేవుడు కనికరించేదాకా తినను. ఆ ముద్దలు మీ కోతి తాతకు పెట్టుకో, పో!"

"పుణ్యమన్నది మాటవరసకేనమ్మా. దేవుడూ లేడు, పాపమూ లేదు. ఒంటి గుణాలు తల్లి నుంచి బిడ్డకు దిగేటప్పుడు ఒక్కోసారి తప్పు పడుతుంది. అలాంటి తప్పులు లక్షల ఏళ్లు పోగుపడబట్టే కోతిలాంటి జీవి మనిషైంది. కొన్ని మేలు చేస్తాయి. కొన్ని ఇలా పిల్లాడి కాళ్లు పడగొడతాయి."

"మరి వాడికెక్కడిదే ఆ తప్పు?"

"నా నుంచి."

"నీకు?"

పంతులమ్మ తల వంచుకుని, కలిపిన అన్నమే మళ్లీ కలిపింది.

అది చూసి అమ్మమ్మకు అర్థమైంది.

"పాపమైతే క్షమించమని ఆయన్ని అడుక్కునేదాన్ని. ఇప్పుడెవరిని అడుక్కోనే తల్లీ?"

కంచం తనవైపు లాక్కుని, కూతురు కోరినట్టే మెతుకు మిగలకుండా తిన్నది.