వంతు నిద్ర

"లే తాతా! ఇదేమన్నా సత్రం అనుకున్నావా?"

గైడు ముసలాయన పాదం పట్టుకుని రెండుసార్లు ఊపింది.

ఇరుకు పడక మీద ముడుచుకున్న ముసలాయన ఉలిక్కిపడి లేచాడు.

"వచ్చావా?" అన్నాడు. ఆమెను చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

వెనకున్న సందర్శకులు కిసుక్కున నవ్వారు. టిక్కెట్టు కొని నిద్రపోయేవాణ్ణి వాళ్లు అక్కడే చూశారు.

గైడుకు ఒళ్లు మండింది. ఒడ్డుకు లాగి మ్యూజియం చేసిన ఆ పాత సబ్‌మెరైన్‌లో, ఆ పడక ఆమె తండ్రిది.

"ఇది రెండు యుద్ధాలు చూసి గీత కూడా పడకుండా తిరిగొచ్చింది తాతా. మనుషుల్ని పోగొట్టుకున్నది యుద్ధం లేని రోజుల్లో. మామూలు గస్తీలో ఇంజన్ గది అంటుకుంది. డ్యూటీలో ఉన్న మా నాన్న బయటికి రాలేదు. అప్పటికి నాకు నడకే రాదు. ఆ రోజు ఆయన్ని చూసినవాళ్లు ఎవరైనా తగులుతారేమోననే ఈ ఉద్యోగంలో చేరాను. నువ్వేమో ఆయన పడక మీద గుర్రుపెడతావా?"

ముసలాయన పడక దిగి నిలబడ్డాడు.

"అమ్మా, నేను..."

"చాల్లే. ఇంకోసారి ఇటు రాకు."

ఆయన దుప్పటి సర్ది, నిచ్చెనెక్కి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

వానలు తగ్గాక, ఒకప్పుడు ఆ సబ్‌మెరైన్‌లో వంట చేసినాయన చూడటానికి వచ్చాడు. ఆ గైడే తన తోటివాడి కూతురని తెలిసి ఆమె చెయ్యి వదల్లేదు.

"ఆ రోజు మా నాన్న ఏమన్నారు బాబాయ్?"

"నేను వంటగదిలో ఉన్నానమ్మా. ఆఖరున మాట్లాడింది ఆయన జంటవాడితో."

"జంటవాడా?"

"చోటు చాలక ఇద్దరికో పడక. ఒకడు డ్యూటీ దిగొచ్చి, పడుకున్నవాడి పాదం రెండుసార్లు ఊపేవాడు. పక్కన నిద్రపోయేవాళ్లుంటారు, గట్టిగా పిలవకూడదు. వాడు 'వచ్చావా' అంటూ లేచి వెళితే, వీడు పడుకునేవాడు."

గైడు తల తిప్పి ఆ ఖాళీ పడక వైపు చూసింది.

"ఆ రోజు జంటవాడికి ఒళ్లు కాలిపోయే జ్వరం. మీ నాన్న దుప్పటి కప్పి, 'పడుకోరా, నీ వంతు కూడా నేనే చేస్తాలే' అని మళ్లీ ఇంజన్ గదికి వెళ్లాడు. ఆ మాట నీకు చెప్పాలనే వాడు వానలకు ముందు ఇక్కడికి వచ్చి, నీ కోసం చూస్తూ ఆ పడక మీదే కునుకు తీశాడట. పాపం, నోరు పెగల్లేదు."

"ఆయన ఎక్కడున్నారు బాబాయ్? నేనే వెళతాను."

వంటాయన తల దించుకున్నాడు.

"పోయిన నెలే పోయాడు తల్లీ... 'ఇన్నేళ్లకు నన్ను లేపడానికి వాడి కూతురు వచ్చిందిరా' అన్నాడు పోయేముందు."