మంచాన పడ్డవారి జాబితా

కొండ కింద పంచాయతీ జీపు చప్పుడు వినగానే ఏలియమ్మ చేతిలోని చేపను చట్టిలో పడేసింది. ఒక్క ఉదుటున ముందు గదిలోకొచ్చి, మంచమెక్కి దుప్పటి కప్పేసుకుంది. గడ్డం దాకా లాక్కున్నాక గుర్తొచ్చింది, వేళ్ళకి ఇంకా పొలుసులున్నాయని. నైటీకి తుడిచేసుకుని మూలగడం మొదలుపెట్టింది.

ఆవిడకి డెబ్బై దాటాయి. పంచాయతీ వాళ్ళ లెక్కలో మాత్రం ఆవిడ లేచి తిరగలేని మనిషి. రెండేళ్ళుగా ప్రతి మంగళవారం బిన్సీ అనే నర్సు జీపులో వచ్చి చూసి వెళుతోంది. మందులు, పౌడరు, పెద్దవాళ్ళ డైపర్లు, ఒంటికి పుళ్ళు పడకుండా గాలి పరుపు, అన్నీ ఇంటికే. జాబితాలో పేరుంటేనే ఇవన్నీ. పేరు కొట్టేశారా, గోవిందా!

ఇవాళ బిన్సీ ఒక్కతే రాలేదు. వెనకే వార్డు మెంబరు ఓమన. చంకలో రిజిస్టరు. మొహంలో నవ్వు లేదు. ఏలియమ్మ దుప్పటి ఇంకాస్త పైకి లాక్కుంది.

"ఏం ఏలియమ్మక్కా, ఎలా ఉంది?"

"ఎలా ఉంటానమ్మా. ప్రాణం ఒకటే మిగిలింది."

"అవునా? నిన్న పొద్దున చేపల బండి వాడితో ఆ ప్రాణం తెగ పోట్లాడిందటగా? అర్జీ వచ్చింది నీ మీద." ఓమన కుర్చీ లాక్కుని కూర్చుంది. "మత్తి చేపలు నలిగిపోయాయని వాడిని ఉతికి ఆరేశావట."

"నేనా! మంచం దిగి రెండేళ్ళయిందమ్మా. ఎవరో నాలాంటి ముసల్దాన్ని చూసుంటారు."

"మరి ఈ చేపల వాసన?"

"తోటికోడలొచ్చి వండి పోతుంది."

ఓమన పరుపు మీద చెయ్యేసి నొక్కింది. మామూలు దూది పరుపు.

"పంచాయతీ ఇచ్చిన గాలి పరుపేది?"

"తడిసింది. పెరట్లో ఆరేశా..." ఏలియమ్మ నాలిక్కరుచుకుంది. "ఆరేయించా."

బిన్సీ గభాలున దగ్గింది. తల వంచుకుని సంచిలోంచి డైపర్ల కట్ట తీసి బల్ల మీద పెట్టింది. ఓమన దాన్ని లాక్కుని పైన రాసింది చదివింది. ఆ తర్వాత ఏలియమ్మని తలనుంచి కాళ్ళ దాకా చూసింది. దుప్పటి కింద మనిషుందో లేదో తెలియనంత సన్నంగా ఉంది.

"ఎక్స్‌ట్రా లార్జా? నీలాంటివాళ్ళు ఇద్దరు పడతారు కదే తల్లీ ఇందులో!"

"కాస్త గాలాడాలి కదమ్మా..."

"ఆహా! గాలాడ్డానికి! ఊళ్ళో అందరూ అంటున్నది నిజమేనన్నమాట. వీటిని మందుల షాపుకి అమ్ముకుంటున్నావని." ఓమన గొంతు లేచింది. "మీ ఆయన ప్రెసిడెంటుగా పదేళ్ళు ఏలాడు. ఈ పథకం పెట్టమని మేం ధర్నా చేస్తే ఏమన్నాడు? నా పంచాయతీలో మంచాన పడ్డవాళ్ళే లేరు, ఉన్నా కన్నబిడ్డలు చూసుకుంటారు, ముష్టి మనకెందుకు అన్నాడు. ఓడిపోగానే మొహం చెల్లక కోయంబత్తూరు తమ్ముడి దగ్గరికి చెక్కేశాడు. ఇప్పుడు ఆయన పెళ్ళాం ఆ ముష్టికే పేరు రాయించుకుంది. సిగ్గులేకపోతే సరి!"

ఏలియమ్మకి కళ్ళు చెమర్చాయి. అది మాత్రం నటన కాదు. మొగుణ్ణి అంత మాటంటే ఎప్పుడైనా ఊరుకున్న మనిషి కాదు. ఇవాళ పళ్ళు బిగపట్టి ఊరుకుంది. జాబితాలో పేరు పోతే రేపట్నుంచి దిక్కెవరు?

ఓమన రిజిస్టరు తెరిచింది. పెన్ను మూత తీసింది.

"కొట్టేస్తున్నా. కొండ అవతల నిజంగా మంచాన పడ్డవాళ్ళు ముగ్గురు ఎదురుచూస్తున్నారు."

"వద్దమ్మా, నీ కాళ్ళు..." పట్టుకుంటానంటూ లేవబోయి, లేవకూడదని గుర్తొచ్చి మళ్ళీ వాలిపోయింది ఏలియమ్మ.

"మెంబరు గారూ, ఆగండి." బిన్సీ అడ్డుపడింది. "వారం వారం చూసేది నేను కదా. ఈ ఇంట్లో మంచం దిగలేని మనిషి ఉన్నారని నేను రాసిస్తాను. అబద్ధమైతే నా ఉద్యోగం తీసెయ్యండి."

"ఉద్యోగమా? పిచ్చా నీకు?"

"ఇద్దరు పిల్లల తల్లిని. వాళ్ళ మీద ఒట్టేయమన్నా వేస్తాను."

బిన్సీ అబద్ధమాడే రకం కాదని పంచాయతీ అంతటికీ తెలుసు. ఓమన రిజిస్టరు ఆమె ముందుకు తోసింది. బిన్సీ గబగబా రెండు లైన్లు రాసి సంతకం పెట్టింది. కింద ఓమన విసురుగా గీకింది.

"నీ మొహం చూసి వదిలేస్తున్నా. ఈవిడ మొహం చూసి కాదు." ఓమన విసవిసా మెట్లు దిగి కొండ కిందున్న జీపెక్కింది.

ఏలియమ్మ గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. మాత చల్లగా చూసింది అనుకుంది. ఎంత అమాయకురాలో ఈ నర్సు పిల్ల, రెండేళ్ళుగా ఇంత మోసం చేస్తున్నా కనిపెట్టలేకపోయింది అని జాలి కూడా పడింది.

బిన్సీ సంచి సర్దుకుంటూ ఎప్పటిలాగే పాఠం చెప్పింది. "రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి పెద్దమ్మా. చేతులు పట్టి లాగకూడదు, భుజం జారుతుంది. కింద పరిచిన దుప్పటి పట్టుకుని లాగాలి. గంజి పలచగా, తల ఎత్తిపెట్టి తాగించాలి."

"తోటికోడలికి చెబుతానమ్మా," అని మూలిగింది ఏలియమ్మ.

"చెప్పండి," అంటూ గుమ్మం దాకా వెళ్ళిన బిన్సీ అక్కడ ఆగి, వంటింటి పక్క గది వైపు తిరిగి గొంతు పెంచింది: "ప్రెసిడెంటు గారూ, మిమ్మల్ని పక్కకి తిప్పేటప్పుడు మీరు కూడా మంచం పట్టె పట్టుకుని కాస్త సాయం చెయ్యండి, పెద్దమ్మ నడుం విరిగిపోతోంది!"