కప్పు పడొద్దు

"బాపూ, ఇది ట్రేనా, దర్వాజనా? లేస్తలేదు!"

పెళ్లిచూపులకు శ్రీరాంపూర్ నుంచి పిల్లవాడు భూపాల్, అతని తండ్రి వచ్చి ముందుగదిలో కూర్చున్నారు. ఇద్దరిదీ బొగ్గుబాయిలోనే పని. వంటింట్లో సంతోషికి నవ్వు ఆగడం లేదు. ఆ ట్రేను ఆమె తండ్రి రాయమల్లు పాత మంచం పట్టెలు కోసి, వారం రోజులు కూర్చుని చేశాడు. బాయిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆయన డ్యూటీ.

"కప్పు పడొద్దంటె కట్టె గట్టిగుండాలె బిడ్డా."

"బాపూ, ఇవి చాయ కప్పులే!"

"ఏ కప్పైనా కప్పే. జల్ది నడువు."

తండ్రి వెనకాలే ముందుగదిలోకి వచ్చి నాలుగడుగులు వేసిందో లేదో, ట్రే ఒక పక్కకు ఒరిగింది. కప్పులన్నీ గలగలా అంచుకు జారాయి. అప్పటిదాకా తల ఎత్తని భూపాల్ గావుకేక పెట్టాడు.

"కప్పు పడ్తున్నదీ!"

బాయిలో ఆ కేక వింటే ఎవరి కాళ్లూ ఆగవు. రాయమల్లు, కాబోయే వియ్యంకుడు తలల మీద చేతులు పెట్టుకుని, ఒక్క దూకులో గోడకు అతుక్కుపోయారు. భూపాల్ మాత్రం ఎదురుగా ఉరికొచ్చి ట్రే రెండో కొస పట్టుకున్నాడు. చాయ చుక్క కూడా ఒలకలేదు.

"వాళ్లిద్దరు అటు ఉరికిండ్రు. మీరు ఇటొచ్చిండ్రేంది?" నవ్వుతూనే అడిగింది సంతోషి.

"కప్పు కింద మీరున్నరు గద."

సంతోషి నవ్వు ఆగిపోయింది.

కళ్లు మూసుకునే అడిగాడు రాయమల్లు, "బిడ్డా, కప్పు పడ్డదా?"

"పడలే బాపూ," అంది సంతోషి, ఎదుట భూపాల్ పట్టుకున్న ట్రేను తానూ వదలకుండా. "గాని, ఇంకింత బరువుగ చేస్తె ఏం పోయేది!"