హాల్లో సముద్రం

రబ్బరు పగడాన్ని బతికున్న పగడమని అమ్మడానికి అమ్మేవాడికి పెద్ద తెలివి అక్కర్లేదు, కొనేవాడికి లేకపోతే చాలు అని కృపావరం నమ్మకం.

తాడేపల్లిగూడెంలో అతనిది అక్వేరియం కొట్టు. గోల్డ్‌ఫిష్‌లు అమ్ముకుని బతికే ఆ కొట్టుకి 2007 వేసవిలో ఏలూరు నుంచి చలపతిరావు దంపతులు కారేసుకుని వచ్చారు. కొల్లేరులో ఆయన చేపల చెరువుల గట్లని అంతకు ముందు ఏడాదే ప్రభుత్వం కొట్టించేసింది. చెరువులు పోయినా నీళ్ళ మీద మోజు పోలేదు కాబోలు, ఇంటి హాల్లో ఓ బుల్లి సముద్రం కావాలన్నాడు.

“చేపలొద్దండి. సముద్రం అడుగున రంగురంగుల పగడాలుంటాయి కదా, పువ్వుల్లా ఊగుతా. అవి కావాలి. బతికున్నవే.”

బతికున్న పగడాన్ని కృపావరం జన్మలో చూడలేదు. చెన్నై నుంచి తెచ్చిన రబ్బరువి మాత్రం అటక మీద దుమ్ము కొట్టుకుని ఉన్నాయి.

“మన దగ్గర అన్ని రకాలూ ఉన్నాయండి,” అన్నాడు.

“మరి లైటు సంగతేంటండీ? పగడాలకి ఎండలాంటి తెల్ల లైటు, ఏదో మెటల్ హాలైడంట, అది ఉండాలని ఎవరో అన్నారు,” అంది చలపతిరావు భార్య రత్నమాణిక్యం.

కృపావరం గబగబా లెక్కేసుకున్నాడు. అంత వెలుగులో పెడితే రబ్బరు అతుకులు వీధిలోకి కనిపిస్తాయి.

“ఎవరండీ మీకు చెప్పింది? మాడి చస్తాయమ్మా! సముద్రం అడుక్కి ఎండెలా వెళ్తుందండీ? నీలం ట్యూబులైటొక్కటే పెట్టాలి. అదీ మసగ్గా. ఇంకోటి, నీళ్ళలో చెయ్యి పెట్టకూడదు. విషం!”

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“మీలాంటి వారు దొరకడం మా అదృష్టమండీ,” అంది రత్నమాణిక్యం, కళ్ళింతలు చేసుకుని.

ఆ తర్వాత బేరమైనా ఆడలేదు. ఇలాంటి పుణ్యాత్ములు ఉండబట్టే లోకంలో తనలాంటి పేదవాళ్ళకి నాలుగు మెతుకులు దొరుకుతున్నాయని కృపావరం మనసారా దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాడు.

హాల్లో గాజు తొట్టి లేచింది. అందులో వంటింటి ఉప్పు కలిపిన బోరు నీళ్ళు, పైన నీలం ట్యూబులైటు. మోటారు తిప్పుతుంటే రబ్బరు రెక్కలు సముద్రంలో పుట్టి పెరిగినట్టే ఊగాయి. ‘ఆహారం’ అని చెప్పి మెత్తగా దంచిన అటుకుల పొడి సీసా ఒకటి ఇచ్చాడు. కబుర్లు చెబితే ఇంకా బాగా పెరుగుతాయన్నాడు. రత్నమాణిక్యం నమ్మింది. పొద్దున్నే తొట్టి ముందు కుర్చీ వేసుకుని పగడాలకి అత్తగారి సంగతులన్నీ చెప్పడం మొదలుపెట్టింది.

పెరగాలి మరి! అందుకని తొట్టి శుభ్రం చేసే వంకతో కృపావరం నెలకోసారి వచ్చేవాడు. ఆవిడ కాఫీ కలపడానికి లోపలికెళ్ళగానే సంచీలోంచి కాస్త పెద్ద పగడం తీసి పెట్టి, చిన్నదాన్ని సంచీలో వేసుకునేవాడు.

“పెరిగిందండోయ్!” అని ఆవిడ చప్పట్లు కొట్టి, వీధిలో వాళ్ళందర్నీ పిలిచి చూపించేది. పిండివంటలు కట్టి పంపేది. ఇంత మోసానికి అంత మర్యాదా అని ఒకోసారి కృపావరానికే సిగ్గేసేది. జంతికలు తిన్నాక తగ్గిపోయేది.

దసరా ముందు అతను తొట్టి కడుగుతుండగా గేటు దగ్గర జీపు ఆగింది. ఫారెస్టు రేంజరు, ఇద్దరు గార్డులు.

“ఈ ఇంట్లో బతికున్న పగడాలు పెంచుతున్నారని మాకు కబురందింది,” అన్నాడు రేంజరు. “చట్టంలో పులి ఎంతో ఇదీ అంతే. ఏడేళ్ళ దాకా జైలు.”

చలపతిరావు మొహం పాలిపోయింది. “మాకేం తెలుసండి బాబూ! అమ్మింది ఈయనే.”

రేంజరు కృపావరం వైపు తిరిగాడు. పులిని చంపినవాడితో సమానంగా జైల్లో కూర్చోవడమా, పరువు పోగొట్టుకోవడమా? అతని పరువు ఏడేళ్ళ ఖరీదు చెయ్యదని అతనికి బాగా తెలుసు.

“అయ్యా! అవి రబ్బరువండి!” అంటూ తొట్టిలో చెయ్యి పెట్టి ఓ పగడాన్ని లాగాడు. తడిగుడ్డలా పిండాడు. సాగదీసి వదిలాడు. అది టప్పున వెళ్ళి గోడకి తగిలింది. “అన్నీ అంతేనండి! నేను మోసగాణ్ణండి, అంతేగానీ నేరస్తుణ్ణి కాదండి!”

గార్డులు పగలబడి నవ్వారు. రత్నమాణిక్యం చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కుర్చీలో కూలబడింది. అత్తగారి గుట్టంతా రబ్బరుకి చెప్పుకున్నందుకు కాబోలు, భుజాలు అదిరిపోతున్నాయి.

రేంజరు నవ్వాపుకుంటూ, మేడ మెట్లెక్కబోతున్న గార్డుని వెనక్కి పిలిచాడు. “మాకొచ్చిన కబురు ఇదన్నమాట. పదండి పదండి. చలపతిరావుగారూ, ఇతని మీద చీటింగు కేసు పెట్టుకోండి.”

“వద్దండి. పిల్లలు గలవాడు, పోనీండి,” అన్నాడు చలపతిరావు.

రేంజరు ఆ మంచి మనసుకి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. జీపు సందు మలుపు తిరిగేదాకా ఆగి, కృపావరం చలపతిరావు కాళ్ళ మీద పడ్డాడు. జీవితంలో మొదటిసారి నిజంగా ఏడ్చాడు.

“ఇంత మోసం చేసినా నన్ను కాపాడారు. మీరు దేవుళ్ళండీ!”

రత్నమాణిక్యం గేటు గడియ పెట్టి వచ్చి, అతన్ని భుజం పట్టి లేపింది.

“అయ్యో, లెగండి బాబూ! ఎవరొచ్చినా హాల్లోవి ఇలా పిండి చూపించే మనిషి లేకపోతే, మేడ మీద పెరుగుతున్న అసలు పగడాల్ని మేం ఎలా కాపాడుకుంటామండీ?”