శనివారం ఉప్మా

“వండింది మిగిలి పారేసినారంటే క్లాసు మూసేస్తా,” అన్నాడు హెడ్మాస్టరు చంద్రమోహన్, కుట్టు టీచరుతో.

ఉదయగిరిలో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు కుట్టూ వంటా నేర్పే క్లాసు అది. వారమంతా కుట్టుమిషను, శనివారం పొయ్యి. పిల్లలు బంగారమంటి రవ్వా బియ్యమూ తగలేస్తున్నారని ఊళ్లో గొణుగుడు మొదలైంది. అందుకే ఆ షరతు.

ఆ మాటకు అందరికంటే ఎక్కువ హడలిపోయింది సుజన.

“మిషను నేర్చుకుంటాదనే బడికి పంపిస్తుండా. అది లేదంటే మేకల ఎనక పోవాల్సిందే,” అని వాళ్ల నాయన పిచ్చయ్య ఎప్పుడో తేల్చేశాడు.

వంట సంగతి చెప్పాలంటే, వాళ్లు చేసిన ఉప్మాతో కోటగోడ నెర్రెలు పూడ్చవచ్చు. ఒక కాకి అందులో ముక్కు పెట్టి, ఊడబెరుక్కోలేక, సాయంత్రం దాకా గిన్నెతోనే ఎగిరిందట.

అట్లాంటి వంట తినడానికి ఎక్కడినుంచో ఒక అవ్వ ఊడిపడింది.

ఆత్మకూరు బస్సు దిగి, చెప్పుల్లేని కాళ్లతో వచ్చి వరండాలో కూర్చుంది. వెలిసిపోయిన నేతచీర, చేతిలో సత్తుగిన్నె.

“ఏమన్నా మిగిలిందా తల్లీ?”

అంతా ఊడ్చుకుతిని, “బాగుండాది,” అనేసి వెళ్లిపోయింది.

ఇక ప్రతి శనివారమూ అదే వరస. మాడినా బాగుండాది, ఉడక్కపోయినా బాగుండాది.

“బస్టాండులో అడుక్కునే మనిషిలే. ఏం పెట్టినా తింటాది,” అంది రమణి.

“అసలు నాలికనేది ఉండాదో లేదో చూద్దామా?” అంది సుజన.

ఆ శనివారం ఉప్మాలో ఇంకో గుప్పెడు ఉప్పు పడింది.

అవ్వ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది. పిల్లలు నవ్వు బయటపడకుండా చున్నీలు నోట్లో కుక్కుకున్నారు.

“ఎట్లుండాదవ్వా?”

“బాగుండాది తల్లీ. కాసిని నీళ్లియ్యి.”

నీళ్లు తాగింది. మళ్లీ తింది. మళ్లీ తాగింది.

“అడుగున ఇంకా ఉండాది గదా. అది గూడా పెట్టు.”

సుజన నవ్వు ఆగిపోయింది. గరిటె పట్టుకుని తటపటాయించింది. మిగిలితే క్లాసు పోతుంది.

పెట్టేసింది.

తర్వాతి శనివారం అవ్వ రాలేదు.

హెడ్మాస్టరు కూడా సెలవులో ఉన్నాడు. అదే అదనుగా పిల్లలు మిగిలిన పప్పన్నాన్ని బడి వెనక గుంట తీసి పూడ్చేశారు.

సుజన అవ్వకోసం బస్టాండంతా తిరిగింది. చర్చి మెట్ల దగ్గర అడిగింది.

“అట్లాంటి ముసలామె ఈడ లేదే,” అన్నాడు సోడాబండి నారాయణయ్య. “అడుక్కునేవాళ్లు నాకు తెలీకుండా ఎవురుండారు పాపా?”

సుజన గుండెలో రాయి పడింది. అడుక్కునే మనిషి కాకపోతే ఆ ఉప్మా ఎందుకు తిన్నట్టు?

ఆపై శనివారం గిన్నె నిండా ఉప్మా. తినే దిక్కు లేదు. గుంట తీద్దామా అని రమణి గుసగుసలాడుతుండగానే గుమ్మంలో నీడ పడింది.

హెడ్మాస్టరు. నున్నటి గుండుతో ఆయన్ను చప్పున పోల్చుకోలేకపోయారు.

“మా అమ్మ పోయింది టీచర్,” అన్నాడు, అడగకముందే.

ఆయన చూపు గిన్నె మీద నిలిచింది. సుజన కళ్లు మూసుకుంది. మిషనూ పోయింది, బడీ పోయింది.

“క్లాసు నడవనీండి. మిగిలిందంతా నేను తింటా, మూయొద్దురా అని నాకు పూచీ పడింది అమ్మే. ఇంక ఆ పూచీ నాది.”

పిల్లలవైపు తిరిగాడు.

“నా తల్లని తెలిస్తే బెదురుతారని మీకు చెప్పనీలేదమ్మా. బీపీ మనిషి, ఉప్పు తాకగూడదన్నాడు డాక్టరు.”

సుజన గరిటె కింద పెట్టేసింది.

“తనకోసం మీరు చప్పటి ఉప్మా వేరే వండిపెడుతున్నారని కన్నుమూసేదాకా చెప్తానే ఉన్నింది,” అంటూ చంద్రమోహన్ ఆ పిల్లలకు రెండు చేతులూ జోడించాడు.