మధ్య పికప్పు

ఉపేందర్ గిటారుకు ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి కొత్త పికప్పులు బిగించి, మధ్యలో పాతదాన్ని అలాగే వదిలేశాడు.

తీగల చప్పుడును పట్టి స్పీకరుకు అందించేది పికప్పే. పాతది గదిలోని కరెంటును కూడా పట్టుకుని, తీగ ముట్టకపోయినా గుయ్‌మంటూ ఉంటుంది. గోదావరిఖని పెళ్ళి రిసెప్షన్లలో పాట ఆగిన చోటల్లా ఆ మోత అతని పరువు తీసేది.

కొత్తవి రెండూ మోత పట్టనివేనట. కరీంనగర్ షాపాయన రెండూ చేతిలో పెట్టి, నచ్చింది ఉంచుకుని రెండోది తిరిగిమ్మన్నాడు.

ఒకటి గమ్మున ఉంటుంది గానీ తీగ గొంతును మొద్దుబారుస్తుంది. రెండోదాని గొంతు బంగారం, కానీ మోత పూర్తిగా పోయిందో లేదో అనుమానం.

అలాంటి అనుమానం వస్తే ఆ ఇంట్లో అడగాల్సింది తండ్రి రాజాన్నే.

రాజం బొగ్గుబాయిలో సపోర్టు పనివాడు. అందరికంటే ముందు లోపలికి పోయి, గడ్డపారతో పైకప్పును కొట్టి, అది మోగే తీరును బట్టి నిలుస్తుందో కూలుతుందో చెబుతాడు. ఆయన ఊఁ అన్నాకే జట్టు కదులుతుంది.

గిటారు కొన్న కొత్తలో ఆ గుయ్‌ని ముందు పట్టుకున్నదీ ఆయన చెవే.

సెకండ్ షిఫ్టుకు టిఫిన్ డబ్బా సర్దుకుంటున్న మనిషిని పట్టి కూర్చోబెట్టాడు ఉపేందర్.

"కండ్లు మూస్కో బాపు. ఏది మంచిగున్నదో చెప్పు."

తేడా తెలియాలంటే ముందు పాతదే వినిపించాలని పికప్పు మార్చే స్విచ్చును మధ్యకు తోసి, సౌండు పెంచాడు. తీగ ముట్టలేదు. మోత గదంతా నిండింది.

రాజం తల ఒక పక్కకు వంచి శ్రద్ధగా కూర్చున్నాడు.

"ఏందిరా ఆ మోత? తలకాయ పలుగుతున్నది, బందు చెయ్యి," వంటింట్లోంచి తల్లి సారవ్వ కేకేసింది.

"వాయించు మరి," అన్నాడు రాజం. "డ్యూటీకి టైమైతున్నది."

ఉపేందర్ స్విచ్చు కదపలేదు. ఒక తీగ మీటాడు.

"ఆఁ, గిది మంచిగున్నది. ఎనుక మోత లేదు. దీన్నే ఉంచుకో."

కళ్ళు తెరిచి కొడుకు ముఖం చూశాడు. తర్వాత స్విచ్చు ఎక్కడుందో చూశాడు. దొరికిపోయానని ఆయనకు అర్థమైంది.

"ఎప్పటిసంది బాపు?"

రాజం కొడుకు పెదవులనే చూస్తున్నాడు.

"ఎవ్వలకు చెప్పకు. అన్‌ఫిట్ రాస్తరు."

ఆ గని కాలనీలో, పనికి తగడని డాక్టర్లు అన్‌ఫిట్ రాస్తే సంబరపడేవాళ్ళే ఎక్కువ. తండ్రి పనిలోంచి తప్పుకుంటే ఆ ఉద్యోగం కొడుక్కొస్తుంది మరి. రాజం భయమంతా అదే.

"నేను ఇంట్ల కూసుంటే నువ్వు బాయిల దిగాలె. నీకు గా గతి వద్దు బిడ్డా," అని డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆపాల్సింది. ఉపేందర్ ఆపలేదు. తాను దిగనక్కర్లేదన్న మాటకు లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. ఆ హాయికి తన మీద తనకే అసహ్యం వేసింది.

చివరికి ఒక ఉపాయం తోచింది. తండ్రి జట్టులోనే పనిచేసే సదయ్యకు ఫోన్ చేశాడు.

"కాకా, ఇయ్యాల్లసంది పైకప్పు నువ్వే కొట్టి చూడు. బాపుకు చెయ్యి గుంజుతున్నదట."

"గట్టిగ మాట్లాడు బిడ్డా."

ఉపేందర్ అరిచి చెప్పాడు.

అటువైపు సదయ్య నవ్వాడు.

"నేను కొడితే ఏం తెలుస్తది? నా చెవులు ఎప్పుడో పోయినయ్. మా జట్టుల అందరియి గంతే. మీ బాపు చెవులున్నయని గదా, ఫికర్ లేకుంట ఆయన ఎనుక పోతున్నం."

ఫోను చేతిలోనే ఉండగా ఉపేందర్ బండి తాళం అందుకున్నాడు.

"అన్నం పెడుతున్న, ఎటు పోతున్నవ్‌రా?" సారవ్వ అడిగింది.

"బాయికి అవ్వా," అన్నాడు ఉపేందర్.